ఎవర్నని తిట్టను?

బడిపిల్లలకు నక్షత్రశాలలో సృష్టి మొదలు చూపించడం అతని ఉద్యోగం. దీపాలార్పి, గుండ్రటి కప్పు మీద చుక్కలు వెలిగించి, "ఒకప్పుడు ఇదంతా ఆవగింజ కన్నా చిన్నదిగా ఉండేది" అని మొదలుపెట్టేవాడు. కూతురు జ్వరంతో పోయి వారం తిరక్కుండానే పనిలోకి వచ్చి, ఒక్క మాట పొల్లుపోకుండా అదే చెప్పాడు. గుండె రాయి చేసుకున్నాడని తోటివాళ్లు మెచ్చుకున్నారు. చేసుకోవడమేమీ లేదు, అదే అయిపోయింది. కాళ్లు బస్సెక్కేవి, నోరు పాఠం చెప్పేది, మధ్యలో మనిషి మాత్రం లేడు.

భార్య దేవుణ్ణి తలుచుకోనిదే పచ్చి మంచినీళ్లైనా ముట్టని మనిషి. పెళ్లైన కొత్తలో సృష్టి గురించి ఇద్దరూ తెగ కీచులాడుకుని, చివరికి రాజీకొచ్చారు. "ఎలా పుట్టిందో మీరు చెప్పండి, ఎవరు పుట్టించారో నేను చెప్తా" అందామె. కూతురు ఇద్దరి మాటా నమ్మింది. దానికెక్కడా తేడా కనబడలేదు.

ఇప్పుడామె దేవుడి పటాన్ని గోడవైపు తిప్పేసింది. అయినా సాయంత్రమయ్యేసరికి పటం వీపుకే దీపం పెడుతోంది.

"దేవుడితో మాటల్లేవన్నావుగా?" అన్నాడతను.

"లేవు. అలాగని చీకట్లో కూర్చోబెడతానా?"

అంటూనే పటం మీద విరుచుకుపడింది. "కళ్లు లేవా నీకు? మా ఇల్లే దొరికిందా?" తిట్టి తిట్టి, మొహం కడుక్కుని వంటకు లేచింది.

అతనికి అసూయ వేసింది. ఏడ్చే మనిషిని చూసి అసూయపడడం సిగ్గుచేటే, కానీ వేసింది.

"నీ పనే నయం. తిట్టుకుని కాస్త తేలికపడతావు."

"మీరూ తిట్టండి. ఎవరొద్దన్నారు?"

"ఎవర్నని తిట్టను?"

నిజంగానే వెతికాడు. ఆవగింజ నుంచి బయల్దేరి మంటలు, చుక్కలు, చల్లారిన నేల దాటి, పాప నెత్తురులోని ఇనుము దాకా వచ్చాడు. దారి పొడుగునా అన్నీ వాటి పద్ధతిలోనే జరిగాయి. తప్పు చేసినవాడెవడూ ఎదురు కాలేదు.

"ఎవరూ లేరే" అన్నాడు.

ఆమె పొయ్యి ఆపి వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి వాదన పెట్టుకోలేదు. దేవుడి ఊసూ ఎత్తలేదు.

"పోనీ, నన్ను తిట్టండి. నేనున్నానుగా."

అతను నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. ఆమె ఒళ్లో తల పెట్టి, పాప పోయాక మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాడు.