అసిరయ్యకు వినబడిన పేజీ

గార్డు లాఠీ అసిరయ్య మూతి మీద పడింది. పళ్లు మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద రాలాయి. మా ఆయనకు క్యారేజీ ఇచ్చి వస్తూ నేను చూశాను. మా ఆయన ఆ ఆఫీసులోనే గుమస్తా. అంటే శత్రు శిబిరానికి రోజూ పులుసు పంపేది నేనే.

తన ఇల్లు కూల్చొద్దని చెప్పడానికి రావడమే అసిరయ్య నేరం. బిస్సమ్ కటక్ రోడ్డు పక్కనున్న సఫాయి కార్మికుల వీధిని మార్కెట్ కాంప్లెక్సు కోసం కూల్చేస్తారట. అభ్యంతరాలు శుక్రవారంలోగా వెబ్‌సైట్‌లోనే పెట్టాలట. కాంప్లెక్సు కట్టబోయేదీ, ఆ సైటు చేయించిందీ ఒకడే, కాంట్రాక్టర్ మనోరంజన్. మురుగుకాలువలో యాసిడ్ పడి అసిరయ్య చూపు పోయింది. తెర మీది మాటలు చదివి వినిపించే ఫోనే అతనికి కళ్లు. ఆ సైటు తెరిస్తే ఫోను "బటన్, బటన్, చిత్రం" అని ఊరుకుంటోంది.

సాయంత్రం అతని చెల్లెలు అప్పమ్మ అరుగు మీద వీధంతా కూడింది. నేనూ వెళ్లి కూర్చున్నాను. కాలేజీలో నేను వెబ్‌పేజీలు రాయడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక పచ్చడి సీసాల మీద పేర్లు తప్ప ఏమీ రాయలేదు. సైటు లోపలి రాత, అంటే కోడు, తెరిచి చూశాను. నోటీసంతా ఒక ఫోటో. నింపాల్సిన ఏ గడికీ పేరు లేదు. పేరు లేని సీసాలో ఉప్పుందో పంచదారుందో ఎవరికి తెలుస్తుంది? అక్షరాలు పెద్దవి చేస్తే "పంపు" అన్న మీట తెర దాటి పోతోంది.

"సేసినోడికి సేతకాకేనేటి?" అని అడిగింది అప్పమ్మ.

"చేతకాకైతే ఎక్కడో ఒకచోట పొరపాటున బాగుండేది, అత్తా."

ఆఫీసు తగలబెడదామన్నాడు ఆ వీధి కుర్రాడు భీమారావు. మన పేజీ మనమే పెడదామంది కాలేజీ పిల్ల లిప్సా. పేజీ బుల్డోజరుకి అడ్డం పడుకుంటుందా అని భీమారావు ఎగతాళి చేశాడు. పడుకోదు గానీ, ఎవరూ కాదనలేదని వాళ్లు చెప్పలేరంది లిప్సా. చాలాసేపు అరుచుకుని, చివరికి రాయడానికే కూర్చున్నాం.

శీర్షికను శీర్షికగా, ప్రతి గడినీ దాని పేరుతో, ప్రతి ఫోటోనూ మాటలతో రాశాం. మా ఊళ్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి, ఏది తెలుగో ఏది ఒడియానో లోపల గుర్తు పెట్టాం. లేకపోతే ఫోను గొంతు రెండింటినీ కలిపి నమిలేస్తుంది. రంగులూ కొలతలూ స్టైల్ షీటు అనే వేరే ఫైలులో పెట్టాం. అది తీసేసినా పేజీ నిలబడాలి. నగలు తీసేస్తే పెళ్లికూతురే మాయమైపోకూడదు కదా.

అసిరయ్య వేలితో పేజీ అంతా నడిచాడు. "దారి తెలస్తంది," అన్నాడు పగిలిన పెదవులతో. తన అభ్యంతరం తానే పలికి, తానే పంపాడు. తర్వాత వీధంతా పంపింది. ప్రతి ఒక్కటీ ఆఫీసుకూ, పత్రికలకూ చేరేలా చేశాను. మా ఆయన బల్లను కూడా మరవలేదు.

మర్నాడు మనోరంజన్ మనుషులు ఇనప రాడ్లతో దిగారు. పేజీ తీసెయ్యమంటూ కంప్యూటరు పగలగొట్టారు. పేజీ మాత్రం నెట్‌లోనే ఉండిపోయింది. అడ్డుపడిన లిప్సా చెయ్యి విరిచారు. ఎముక విరిగిన చప్పుడు అందరం విన్నాం. పక్కింటి బుల్లమ్మ మరిగే గంజి తెచ్చి ముందున్నవాడి ముఖాన కుమ్మరించింది. వాడి చేతిలోంచి జారిన రాడ్డు భీమారావుకు దొరికింది. వచ్చినవాళ్లు రక్తం కారుతూ పరుగెత్తారు.

శుక్రవారం, గడువు ముగియకముందే, బుల్డోజరు వచ్చింది. వెనక పోలీసులు. ఒక్క అభ్యంతరమూ రాలేదని అధికారి మైకులో ప్రకటించాడు. అసిరయ్య తన గడపలో నిలబడి ఫోను పైకెత్తి మీట నొక్కాడు. వీధంతా నొక్కింది. ఫోన్లన్నీ ఒకే శీర్షిక చదివాయి: మా ఇళ్లు కూల్చొద్దు. మైకు మునిగిపోయింది.

బుల్డోజరు ఆగలేదు. గోడ అసిరయ్య మీద కూలింది. అప్పమ్మ ఇటుకలు తవ్వి అన్న తలను ఒళ్లోకి తీసుకునేసరికి ప్రాణం లేదు.

అప్పుడు రాళ్లు లేచాయి. డ్రైవరు దూకి పారిపోయాడు. బుల్డోజరు మండింది. లాఠీల కింద తలలు పగిలాయి. నన్ను జుట్టు పట్టి ఈడ్చి వ్యానులో పడేశారు. అప్పమ్మనూ, వీధిలో చేతికి దొరికినవాళ్లనూ ఎక్కించారు. మిగిలిన ఇళ్లు మాత్రం నిలబడే ఉన్నాయి.

స్టేషన్లో ఎస్సై తన ఫోను నా ముఖం ముందు పెట్టి, పేజీ తీసెయ్యమన్నాడు. చూశాను. అవే శీర్షికలు, అవే గడులు. పైన ఉన్న పేరు మాత్రం మునిగుడ అనే ఊళ్లో రైల్వే స్టేషను వెనక వీధిది. అక్కడికీ ఇవే నోటీసులు వెళ్లాయి. మేం దాచకుండా పెట్టిన రాతను వాళ్లు ఎత్తి రాసుకున్నారు. దాని కింద ఇంకొకటి, నందపూర్ సంతవాళ్లది.

"ఇవి మావి కావు బాబూ. మాది తీసినా ఇవి పోవు."

కొంగు మీద ఆరని రక్తంతో అప్పమ్మ లాకప్పు లోపలి నుంచి కటకటాల దగ్గరికి వచ్చింది.

"మునిగుడోళ్లది సదివించు," అంది ఎస్సైతో. "మేం వింటాం."

లాకప్పులో కూర్చున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు.