కదలని తెర మీద పిచ్చుక

కుట్టుమిషన్ల వెనక అద్దాల గదిలో ఉన్న కంప్యూటరు సెలవు రోజున ఖాళీగా ఉంటుంది. ఇంటికి మాట్లాడుకునేవాళ్లు మాట్లాడుకోండని యజమానురాలు ఒప్పుకుంది. ఇంటికి దూరంగా వచ్చి అక్కడ వారమంతా చొక్కాలకు కాజాలు కుట్టే ఒకామె, ఆ కాసేపటి కోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని వారం గడిపేది.

ఆమె కూతురు ఊళ్లో అక్క దగ్గర పెరుగుతోంది. ముద్దుపేరు పిచ్చుక. నాలుగేళ్లు ఇంకా నిండలేదు. ఈ మధ్య ఫోను దగ్గరికి రానని మొరాయిస్తోంది. పోయినసారి తల్లి "కనబడట్లేదు, ఉండమ్మా" అన్నందుకే అలిగి మంచం కిందికి దూరింది, మళ్లీ బయటికి రాలేదు. ఇలాగే ఒకరోజు తనను పూర్తిగా మరిచిపోతుందేమోనన్న దిగులుతో తల్లికి అన్నం సహించడం లేదు.

ఈసారి అక్క ఎలాగో బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టింది. పసుపు రిబ్బను పెట్టుకుని, ఒక చెయ్యి గాల్లోకి ఎత్తి నవ్వుతున్న పిచ్చుక ఉన్నట్టుండి తెర మీద అలాగే బిగుసుకుపోయింది. మౌసు కదిపితే బాణం గుర్తు కదల్లేదు. మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

మాట మాత్రం వస్తూనే ఉంది.

"అమ్మా, అక్కడే ఉండు. నేనిప్పుడే వస్తా."

"ఉంటాలే తల్లీ," అంది.

ఆమె అన్నా అని పిలిచే, బట్టల నమూనాలు గీసే అతను మిగిలిన పని ముగించడానికి వచ్చి అదే గదిలో ఉన్నాడు. చెయ్యి ఊపి అతన్ని పిలిచి, మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "స్విచ్ కట్టేసి మళ్లీ వేద్దామా అన్నా?" అని గుసగుసగా అడిగింది.

"అంత పని చెయ్యకు. అటు చూడు, ఆ గీసే యంత్రం కాగితం మీద చొక్కా చేతులు ఇంకా గీస్తూనే ఉంది. దాన్ని నడిపించేది ఈ కంప్యూటరే." అతను కీబోర్డు మీద ఒక మీట రెండుసార్లు నొక్కాడు. చిన్న దీపం ఆరి, మళ్లీ వెలిగింది. "బతికే ఉంది. బొమ్మ చూపించే భాగం ఒక్కటే మొద్దునిద్రలో పడింది. ఇది లినక్సు మీద నడిచేది కదా, దీనికి పెరటి గుమ్మం ఒకటి ఉంది. అటునుంచి వెళ్లి సరిచెయ్యొచ్చు. గేదె లేవట్లేదని కొట్టానికి నిప్పు పెట్టుకోం కదా."

"అయితే చెయ్యి అన్నా."

"చేస్తే ఈ మాట తెగిపోతుంది. ముందు పాపకి చెప్పు."

చెబితే పిచ్చుక మళ్లీ మంచం కిందికే. "ఒక్క క్షణం ఆగన్నా," అని మైకు మీద చెయ్యి తీసింది. కాసేపటికి పిచ్చుక గొంతు వినిపించింది.

"వచ్చేశా అమ్మా. అటెందుకు చూస్తున్నావు? ఇటు చూడు. కనబడుతున్నానా?"

"ఎందుకు కనబడవు?"

అన్న తలెత్తి ఆమె వంక చూశాడు.

"ఎలా ఉన్నా?"

"నీకేం, మహారాణిలా ఉన్నావు."

"ఏం పెట్టుకున్నా, చెప్పు?"

తెర మీద ఉన్న ఒక్క ఆధారం వంకే చూసింది. "పసుపు రిబ్బను."

"ఇంకా?" గొంతు సన్నబడింది.

"ఇంకా... చెయ్యెత్తి నవ్వుతున్నావు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. చిన్న అడుగులు దూరమయ్యాయి. ఆమె పిలిచింది. అడుగులు ఆగలేదు.

"కానియ్యి అన్నా," అంది.

అతను కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ కలిపి నొక్కాడు. పిచ్చుక మాయమై నల్లటి తెర వచ్చింది. అతను తన పేరు, పాస్‌వర్డు కొట్టగానే లోపల నడుస్తున్న పనుల పట్టీ తెల్లటి అక్షరాల్లో దిగింది. కంప్యూటరు సత్తువను అన్నింటి కన్నా ఎక్కువ మేస్తున్నదాన్ని వెతికి, దాని అంకె కొట్టి ఆపేశాడు. కాసేపటికి తెర మామూలుగా తెల్లవారింది.

మళ్లీ కలిపితే అక్క పలికింది. అక్క వెనక కుర్చీ ఖాళీగా ఉంది.

"ఏమన్నావే దాన్ని? ముఖం మాడ్చుకుని పోయింది."

"ఏం పెట్టుకుందక్కా?"

"అదేంటి, చూడలేదా? నువ్వొదిలేసి వెళ్లిన నీలం చున్నీ చీరలా చుట్టించుకుంది. రిబ్బను పీకేసి నీలాగా ముడి వేయించుకుంది. అమ్మకి చూపిస్తానని పొద్దుట్నుంచీ నా ప్రాణం తోడేసింది."

"ఒక్కసారి పిలువక్కా."

"పిచ్చుకా, అమ్మ చూస్తానంటోంది, రావే."

మూసిన తలుపు వెనక నుంచి వినిపించింది: "చూశానందిగా పెద్దమ్మా. మళ్లీ ఎందుకు?"

ఆ గొంతులో కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే బుజ్జగించడానికి దారి ఉండేది.

"చూడలేదు తల్లీ. ఇక్కడ బొమ్మ ఆగిపోయింది. చెబితే వెళ్లిపోతావని అబద్ధమాడాను."

"గట్టిగా చెప్పు. తలుపేసుకుంది," అంది అక్క.

గట్టిగా చెప్పింది. అన్న చప్పుడు చెయ్యకుండా గదిలోంచి బయటికి నడిచాడు. ఇంకోసారి చెప్పింది. అక్క లేచి వెళ్లి ఫోను తలుపుకు ఎదురుగా పట్టుకుంది. అక్క చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆమె తెర మీద ఆ మూసిన తలుపునే చూస్తూ ఉండిపోయింది.