కోరంగి మేరీ అసలు పేరు

ఆడమనిషి పేరు పాత జనాభా లెక్కల్లోకి ఎక్కాలంటే ఇంట్లో మగాడు ఉండకూడదు. చచ్చిపోయినా సరే, వదిలేసి పోయినా సరే. నంద్యాల ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి చరిత్ర పాఠాలు చెప్పిన ఆరిఫాకు అక్కడున్నంత కాలం ఈ సంగతి తెలియలేదు. బ్రిస్బేన్‌లో ఒక లైబ్రరీలో మైక్రోఫిల్మ్ యంత్రం ముందు కూర్చుని, పిడి తిప్పి తిప్పి మణికట్టు నొప్పెట్టాక తెలిసింది.

అది రెండువేల ఒకటో సంవత్సరం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యమా అని ఆస్ట్రేలియాకు వచ్చిపడ్డ మనవాళ్ళలో ఆరిఫా భర్త గియాసుద్దీన్ ఒకడు. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాడిని కంపెనీలు నెత్తిన పెట్టుకున్న కాలమది. తీరా జనవరి ఒకటో తారీఖున ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. లోకమంతా ఊపిరి పీల్చుకుంది, కోబాల్ వాళ్ళు తప్ప. ఏడాది తిరక్కుండా గియాసుద్దీన్ ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోఫాలో కూర్చునేవాడు. చివరికి తెలుగు సంఘం అధ్యక్షుడు విఠల్ తన ఆఫీసులో మాట చెప్పి ఒక కాంట్రాక్టు ఇప్పించాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ మాట మొదలైనా విఠల్ అన్న దగ్గరే ఆగేది.

విఠల్ భార్య రత్నకుమారి. దంపతులిద్దరిదీ కాకినాడ. ఆరిఫా వాళ్ళు విమానం దిగిన కొత్తలో అద్దె ఇల్లు దొరికేదాకా ఉన్నది వాళ్ళింట్లోనే. రత్నకుమారి గుడ్డు కూడా ముట్టదు. అలాంటి మనిషి సన్నీబ్యాంక్‌లో హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, కారులో తీసుకెళ్ళి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని బయట నిలబడి, ఆరిఫాను కొట్లోకి పంపింది. ఆ ముక్కూ ఆ చున్నీ తలచుకుని ఇద్దరూ ఎన్నిసార్లు నవ్వుకున్నారో. తోడబుట్టిన అక్క లేని ఆరిఫాకు రత్నక్క అంటే అంత నమ్మకం.

కథ ఒక సమాధి దగ్గర మొదలైంది. విఠల్ కుటుంబంతో సిడ్నీకి కారులో పోతూ టెంటర్‌ఫీల్డ్ దాటాక ఒక చిన్న ఊళ్ళో ఆగాడు. పక్కనే పాత శ్మశానం. పిల్లల వెనక పరిగెత్తుతుంటే ఒక రాయి కనిపించింది. ‘మేరీ కోరింగా, ఇండియా వాస్తవ్యురాలు, ఈ ప్రాంతపు తొలితరం మనిషి’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంది. కోరింగా అంటే కోరంగి. కాకినాడ పక్కనే, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. విఠల్ ఆ రాయి ముందు నిలబడి ఫోటో దిగాడు. ఆ ఏడాది దీపావళికి సంఘం ప్రత్యేక సంచిక వేస్తోంది. అందులో ‘ఆస్ట్రేలియాలో తొలి తెలుగు ఆడపడుచు’ అని పెద్ద వ్యాసం రావాలన్నాడు. రాసేదెవరంటే, చరిత్ర చదివి, తెలుగు చక్కగా రాయగలిగి, ఖాళీగా ఉన్న మనిషి ఆరిఫా ఒక్కతే. సంచికకు సంపాదకురాలు రత్నకుమారి.

ఈ దేశంలో పాత జనాభా లెక్కల కాగితాలు చాలావరకు లెక్క తేలగానే నాశనం చేసేశారు. ఆ సమాధి ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో మాత్రం పద్దెనిమిది వందల తొంభై ఒకటివీ, పందొమ్మిది వందల ఒకటివీ ఇంటింటికీ తిరిగిన గుమాస్తాల పుస్తకాలు మిగిలాయి. వాటిలోనూ ఇంటి యజమాని పేరు ఒక్కటే రాస్తారు. దాని పక్కన మగవాళ్ళు ఇందరు, ఆడవాళ్ళు ఇందరు అని రెండు అంకెలు, అంతే.

మొదటి పుస్తకంలో మేరీ లేదు. ఆరిఫా ఆ ఊరి చర్చికి ఉత్తరం రాసి, పిల్లల బాప్తిస్మాల వివరాలు తెప్పించుకుంది. తండ్రి బాక్స్‌టర్, ఎద్దుల బండి తోలేవాడు. తల్లి మేరీ. కొడుకు ఒకడు, కూతుళ్ళు ఇద్దరు. మళ్ళీ మొదటి పుస్తకం తిరగేస్తే బాక్స్‌టర్ దొరికాడు. మగవాళ్ళు ఇద్దరు, ఆడవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకతె మేరీ.

పదేళ్ళ తర్వాతి పుస్తకంలో మేరీ కోరింగా పేరు నేరుగా ఉంది. ఇంటి యజమాని ఆమే. మగ ఒకటి, ఆడ ఒకటి. అంటే కొడుకు మిగిలాడు. మొగుడేడి, ఆడపిల్లలేరి? ఆరిఫా పక్క జిల్లాల పుస్తకాలన్నీ వెతికి బాక్స్‌టర్‌ను పట్టుకుంది. బతికే ఉన్నాడు. ఆ ఇంట్లో మగ ఒకటి, ఆడవాళ్ళు ముగ్గురు. ఇద్దరు కూతుళ్ళనూ తీసుకుపోయాడు, మూడో మనిషిని తెచ్చుకున్నాడు. అతను వదిలిపోయాక మేరీ అతని ఇంటిపేరు వదిలేసి తన ఊరి పేరు పెట్టుకుంది.

ఆరోజు పక్కన రత్నకుమారి కూడా ఉంది. ఆరిఫా అంకెల మీద వేలు పెట్టి వివరిస్తుంటే ఆమె కళ్ళు తుడుచుకుంటూనే కూర్చుంది. బాక్స్‌టర్‌ను గోదావరి భాషలో తిట్టిన తిట్లకు లైబ్రరీ ఆమె వచ్చి నెమ్మదిగా మాట్లాడమని చెప్పి వెళ్ళింది.

జూలైలో మేరీ మరణ ధ్రువపత్రం నకలు పోస్టులో వచ్చింది. వివరాలు చెప్పింది కొడుకు. బట్టలుతికి బతికింది. పుట్టిన ఊరు కోరంగి. దొరల పిల్లల ఆయాగా ఓడలో వచ్చింది. తండ్రి షేక్ ఇమాం, ఓడ కళాసీ. అసలు పేరు మదీనా బీ.

ఆరిఫా వంటింట్లో నిలబడి ఆ పేరు పైకే చదువుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూడలేదు. ఆమె మేనత్త పేరు కూడా మదీనా బీయే. తెలుగు సభల్లో ‘మీరు తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడతారండీ’ అని మెచ్చుకునే ప్రతివాళ్ళకూ ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకుంది. ఇప్పుడు వాళ్ళందరికీ ఒక జవాబు దొరికింది. తొలి తెలుగు ఆడపడుచు ఒక మదీనా బీ.

రత్నకుమారికి ఫోన్ చేస్తే, ఏ పేరైతేనేం మన కోరంగి పిల్లే కదా అని ఆమె మురిసిపోయింది. ఆ శనివారమే ఇద్దరూ కారేసుకుని సమాధి దగ్గరికి వెళ్ళారు. ఆరిఫా పోయినవాళ్ళ కోసం చేసే ఫాతిహా ప్రార్థన చదువుతుంటే రత్నకుమారి కొంగు తలమీద కప్పుకుని పక్కనే నిలబడింది. ఆ ఫోటో వ్యాసంలో వేద్దామని అన్నది కూడా ఆమే.

ఆగస్టులో ఆస్ట్రేలియా జనాభా లెక్కలు వచ్చాయి. ఈసారి ఫారంలో కొత్త ప్రశ్న ఒకటి పెట్టారు. మీ పేరూ వివరాలూ దాచి తొంభై తొమ్మిదేళ్ళ తర్వాత అందరికీ చూపించమంటారా, వద్దా అని. ఇంట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా గడి. ఆరిఫా చంటిపిల్లలా సంబరపడింది. కొడుకూ కూతురితో కలిపి నలుగురికీ ‘అవును’ అని పెట్టమని గియాసుద్దీన్‌కు మరీ మరీ చెప్పి, వ్యాసం దిద్దుకోవడానికి లేచింది. అతను ‘సరే’ అన్నాడు. ఫారం నింపి ఇచ్చింది అతనే.

సెప్టెంబరులో న్యూయార్క్‌లో విమానాలు కూలాయి. తర్వాత వారానికి, బస్టాపులో ఆరిఫా తలమీది గుడ్డను చూసి కారులో పోయేవాడెవడో నోటికొచ్చింది అరిచి పోయాడు. గియాసుద్దీన్ ఆఫీసులో తన పేరు ‘గై’ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆరిఫా వ్యాసం అప్పటికే రత్నకుమారి చేతిలో ఉంది. బాగా వచ్చిందని ఫోన్‌లో చెప్పింది కానీ, ఎప్పటిలా ఇంటికి రావడం తగ్గించింది. పనుల ఒత్తిడి అనుకుంది ఆరిఫా.

సంచిక హైదరాబాదులో అచ్చయి పెట్టెల్లో వచ్చింది. విఠల్ గ్యారేజీలో దీపావళి స్టేజీ సామాను నిండిపోయిందని ఆ పెట్టెలు తెచ్చి ఆరిఫా గ్యారేజీలో దించారు. ఆవిష్కరణ కాకముందు పుస్తకం తెరవకూడదనేది మనవాళ్ళ పట్టింపు. బంగారు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, ముఖ్య అతిథి చేత విప్పించేదాకా రాసినవాళ్ళయినా ఆగాల్సిందే. పెట్టె విప్పొద్దని గియాసుద్దీన్ కూడా ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆరిఫా రోజూ వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేస్తూ ఆ పెట్టెల మీద చెయ్యి ఆనించేది. కొత్త అచ్చు వాసన వచ్చేది. చాకుతో ఒక్క టేపు కోస్తే చాలు. మర్యాద కాదని ఊరుకుంది.

సభ ఒక స్కూలు హాల్లో జరిగింది. ముఖ్య అతిథి రిబ్బను లాగాడు, చప్పట్లు కొట్టారు. అందరికీ ఒక్కో ప్రతి పంచారు. ఆరిఫా తన పేజీ తెరిచింది. ‘కోరంగి మంగమ్మ: ఆస్ట్రేలియాలో తొలి తెలుగు ఆడపడుచు.’

ఇంకెవరిదో వ్యాసమేమో అనుకుంది మొదట. చదివితే అన్నీ తన వాక్యాలే. బాక్స్‌టర్ ఉన్నాడు, రెండు పుస్తకాలూ ఉన్నాయి, మగ ఒకటి ఆడ ఒకటి ఉంది. తండ్రి మాత్రం షేక్ ఇమాం పోయి వెంకన్న అయ్యాడు. ఫాతిహా చదివాం అన్నచోట హారతి ఇచ్చాం అని ఉంది. ఫోటో లేదు. అడుగున నల్లటి అక్షరాల్లో ‘పరిశోధన, రచన: ఆరిఫా గియాసుద్దీన్’ అని ఉంది. ఆమె పేరులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

మైకులో ఆమెను పిలిచారు. కాళ్ళు వాటంతటవే నడిచాయి. రత్నకుమారి శాలువా కప్పింది. ఆ కప్పే క్షణంలో ఆరిఫా, ఎవరికీ వినపడకుండా, ఇదేందక్కా అని అడిగింది. రత్నకుమారి ఆమె భుజం పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళింది.

“కమిటీలో పెద్ద గొడవైపోయిందే ఆరిఫా. ఈ టైములో ఆ పేరేంటని స్పాన్సర్లు కూడా అడిగారు. నీ పేరు మాత్రం ఉండి తీరాలని నేనే పట్టుబట్టాను. నువ్వు రాశావంటే ఇంకెవరూ డౌట్ పడరు కదా.”

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. మేలు చేసినదానిలా ఉంది. ఆరిఫాకు ఒళ్ళంతా మండిపోయింది. మదీనా బీని చెరిపేసి, ఆ పని చేసింది తనేనని తన చేతే సంతకం పెట్టించారు.

“నన్ను ఒక్క మాట అడగొచ్చు కదక్కా,” అంది.

“అదేంటే, గియాసుద్దీన్ భాయ్‌కి చెప్పాం కదా. నువ్వు సరేనన్నావని ఆయనే అన్నారు,” అంది రత్నకుమారి. అంతలో వంటల దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోయారు. ఇంట్లో మొగుడూపెళ్ళాలు మాట్లాడుకునేది ఉర్దూలోనే. ఆరిఫాకు కోపం మితిమీరితే మాత్రం తెలుగు వస్తుంది.

“నేను సరే అన్నానని ఎట్ల చెప్పినావ్?” అంది. పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

గియాసుద్దీన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆఫీసులో మళ్ళీ మనుషుల్ని తీసేస్తున్నారని, విఠల్ అన్నకు ఎదురు చెప్పే రోజులు కావివని, మన పేర్లు మనమే నెత్తికెత్తుకుని ఊరేగాల్సిన అవసరం ఏముందని చెప్పుకుంటూ పోయాడు. అడిగితే నువ్వు ఒప్పుకోవని తెలుసు, అందుకే అడగలేదన్నాడు. భయపడ్డాడని ఆరిఫాకు తెలుస్తూనే ఉంది. ఆ భయం ఆమెకూ ఉంది. కానీ బస్టాపులో అరిచిందీ తనమీదే, పేజీలో అబద్ధమాడినట్టయిందీ తనే. మధ్యలో తనను అడగనిది మాత్రం ఇతను.

సన్నీబ్యాంక్ మలుపు దగ్గర ఎర్రలైటు పడింది. ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది.

“ఆగస్టులో ఆ లెక్కల ఫారంలో ఏం పెట్టినావ్?”

లైటు పచ్చదయింది.

“వద్దని పెట్టినా,” అన్నాడు కారు కదిలిస్తూ. “మన సంగతులు ఎవరికో ఎందుకని.”

“నాక్కూడానా?”

“అందరికీ.”

అప్పటికి విమానాలు కూలలేదు, స్పాన్సర్లు అడగలేదు, విఠల్ అన్నకు ఎదురు చెప్పే పనీ రాలేదు. అయినా ఆమె గడిలో ఆమె జవాబు పెట్టాలని ఇతనికి తోచలేదు. బాక్స్‌టర్ ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురు. ఈ ఇంట్లో ఇద్దరు.

పంచగా మిగిలిన పెట్టెలు తెల్లారి మళ్ళీ ఆమె గ్యారేజీలోనే ఉన్నాయి. మెల్బోర్న్, సిడ్నీ సంఘాలకు పంపాల్సినవి అవి. ఈసారి ఆరిఫా చాకు తెచ్చి టేపు కోసింది. చిన్న పీట వేసుకుని, వాషింగ్ మెషీన్‌కు ఆనుకుని కూర్చుని, ఒక్కో ప్రతిలో తన పేజీ తీసి, మంగమ్మ మీద గీత కొట్టి, పైన ‘మదీనా బీ’ అని రాసింది. వెంకన్న మీద కొట్టి ‘షేక్ ఇమాం’ అని రాసింది. కాలేజీలో పిల్లల పేపర్లు దిద్దినప్పటి గుండ్రటి అక్షరాలు. అడుగున తన పేరు మాత్రం అలాగే ఉంచింది. ఇప్పుడది అక్కడ ఉండొచ్చు.

గియాసుద్దీన్ టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. నేలమీద పరచిన పుస్తకాలను చూశాడు. పదకొండు గంటలకు పెట్టెల కోసం విఠల్ అన్న వస్తానన్నాడని చెప్పాడు.

“రానీ,” అంది ఆరిఫా తలెత్తకుండా. “ఇంకా రెండు పెట్టెలుండాయి. ఆయన వచ్చేలోపల కావాలంటే నువ్వొకటి పట్టు.”

పక్కనున్న రెండో పెన్ను అతని వైపు చాచింది. గియాసుద్దీన్ టీ కప్పు వాషింగ్ మెషీన్ మీద పెట్టాడు. పెన్ను వంక చూశాడు. తలుపు వంక చూశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆరిఫా కాసేపు చెయ్యి చాచే ఉంచింది. తర్వాత ఆ పెన్ను పక్కన పెట్టి, ఇంకో ప్రతి తీసుకుంది.