కాయల దుమ్ము

“నాలుగు శనక్కాయలు ఒల్చిపోతే నీ చదువేమన్నా అరిగిపోతాదా?” రామసుబ్బమ్మ మళ్ళీ అందుకుంది.

కోడలు అనుపమ తడి జుట్టు తుడుచుకుంటూ గడపలోనే నిలబడింది. “ఒల్చేదానికి బాధ కాదత్తా. కాయలకుండే బూజు నా మీద పడి ల్యాబ్‌కు వస్తాండాది. మొన్ననే ఒక సీసా పాడైంది.”

“పుట్టినప్పట్నుంచీ ఈ దుమ్ములోనే ఉండాం. మాకు పట్టని బూజు నీ సీసాలకు పట్టిందా?”

మామ బయ్యన్న నవ్వు ఆపుకున్నాడు. భర్త హేమంత్ తలెత్తకుండా కాయలు ఒలుస్తున్నాడు. వాన పడింది, నేల పదును ఆరేలోగా విత్తనం పడాలి. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుంది కాబట్టి విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే పని. అనుపమ ఒక్కతే స్నానం చేసి అనంతపురం బస్సెక్కుతోంది.

ఆమె పరిశోధన జీవకణాల మీద. ప్లాస్టిక్ సీసాల్లో, గులాబీ రంగు ద్రవంలో వాటిని పెంచుతుంది. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని.

ల్యాబ్‌కు చేరగానే మోచేతుల దాకా కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి ఇంక్యుబేటర్ తలుపు తీసింది. ముందున్న సీసా తేటగానే ఉంది. వెనక సీసాలో చిన్న దూదిపింజలా బూజు తేలుతోంది. మైక్రోస్కోపు కింద చూస్తే కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య సన్నని దారాలు అల్లుకున్నాయి.

తేటగా ఉన్నదానికీ బూజు అంటే ఉంటుందని గైడ్ మేడం రెండు సీసాలూ పారేయమంది. అనుపమ బ్లీచ్ పోసింది. గులాబీ రంగు చూస్తుండగానే వెలిసిపోయింది.

“ఫ్రీజర్‌లో దాచినవి ఇంకెన్ని ఉన్నాయి?”

“ఒక్క ట్యూబే మేడం.”

“అదీ పోతే ఇన్నేళ్ళ పనీ పోయినట్టే. ఈ బూజు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకున్నాకే దాన్ని బయటికి తియ్యి.”

కోటు విప్పుతుంటే చున్నీ మడతలో గింజ మీది ఎర్రపొర కనిపించింది. వారం నుంచీ ఆమె ఒక్క కాయా ముట్టలేదు. ఇంట్లో బట్టలు ఆరేసే దండెం కిందే కాయల మూటలున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, అందరి మధ్యా కూర్చుని కాయ చిదిమింది. రామసుబ్బమ్మ ఓరగా చూసింది.

“ఏమ్మా, ఇప్పుడంటదా బూజు?”

“అన్నీ చచ్చిపోయినాయత్తా. ఇంక అంటేదానికి ఏముండాది?”

అనుపమ ఇంకో కాయ చిదిమింది.

“ఒల్చినా ఒల్వకున్నా ఒకటే. ఇల్లంతా ఇదే దుమ్ము. ఒక్క ట్యూబు మిగిలింది. రేపట్నుంచి హాస్టల్‌లో ఉంటా. విత్తనం పడి, ఇల్లు కడిగినాక వస్తా.”

“ఎవర్నడిగి పోతావు?” అన్నాడు హేమంత్.

“అడగడంల్యా. అందరికీ చెప్తాండా.”

“ఇవి నేనొలుస్తాలే” అంటూ రామసుబ్బమ్మ కోడలి ముందున్న కాయల కుప్పను రెండు చేతులా తనవైపు లాక్కుంది.