కొంగుకు కట్టిన నడుం నొప్పి

తాండూరులో పొద్దున ఏడు కొట్టేసరికి షాహజాది గడప ముందు నలుగురైనా ఉంటారు. ఒకరికి పన్ను, ఒకరికి మోకాలు, ఇంకొకరికి వదలని తలపోటు. అందరిదీ పనికి పోయే తొందరే. షాహజాది నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి, మెల్లగా లాగి, చీర కొంగుకు ముడేస్తుంది. ముడి ఉన్నంతసేపు ఆ నొప్పి ఆమెది. విప్పితే మళ్లీ ఎవరిది వాళ్లను చేరుతుంది, వాళ్లు ఎక్కడున్నా సరే. కంది బస్తాలు కుట్టే జంగమ్మ అయితే పంటినొప్పి అప్పగించి, రెండేసి రోజులు ఇటు తొంగిచూడదు. అదేమని అడిగితే, "నీ తాన భద్రంగుంటది గదా" అంటుంది. ఊరికే మోసేవాళ్లు దొరికితే దించుకోవడం ఎవరికి గుర్తుంటుంది!

షాహజాది మొగుడు లతీఫ్ నడుం బండలకు పాలిష్ పట్టే చోట పోయింది. బండ జారి మీద పడ్డప్పటి నుంచి, రెండేళ్లుగా, గోలీలు మింగితే తప్ప మంచం దిగడు. ఆమె రోజూ కొంగుకు కట్టుకుంటానన్నా ఒప్పుకోడు. "నా బొక్కలు నేనే మోస్త" అంటాడు. గట్టి గోలీలు కాబట్టి డాక్టరు చిట్టీ లేకుండా ఇవ్వరు. దవాఖానలో మగవాళ్ల లైను గేటు దాటి ఉంటుంది, ఆడవాళ్లది పొట్టిది. అందుకని ఆ ఒక్క పొద్దుటికి బతిమాలి, అతని నొప్పి ముడేసుకుని, షాహజాదే పోయి తన పేరు మీద చిట్టీ రాయించుకొచ్చింది. డాక్టరు నొక్కి చూసిన చోటల్లా నిజంగానే కేక పెట్టింది కూడా. అందులో అబద్ధం ఏముందని అనుకున్నారు ఇద్దరూ.

ఇంతలో గల్ఫ్‌లో, కూర్చుని చేసే కొలువొకటి లతీఫ్‌కు కుదిరింది. కాకపోతే దిగంగానే మెడికల్ పరీక్ష. వంగమంటారు, లేవమంటారు. నడుం పట్టేస్తే తిరుగు విమానమే.

"ఆఫియా అబ్బా, మెడికల్ అయ్యేదాక నాకియ్యి" అంది షాహజాది, ఎప్పటిలా కూతురి పేరుతో పిలుస్తూ. "అయినంక నీది నీకే. గోలీలు ఉండనే ఉన్నయి."

లతీఫ్ తలొంచుకుని ఇచ్చాడు.

పోయొచ్చిన వాళ్లంతా సలహాలు చెప్పారు. గసగసాలు దొరికితే అక్కడ జైలేనని ఒకటికి పదిసార్లు చెప్పారు. షాహజాది గసగసాలు లేకుండా మసాలా వేరే దంచింది. గోలీల మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. డాక్టరు రాసిన మందుకు భయమెందుకు? ఆరు నెలలకు సరిపడా గోలీలు, పైన చిట్టీ, బట్టల మధ్య సర్దింది.

లతీఫ్ విమానం ఎక్కిన మరునాడు పదకొండింటికి, అక్కడే పనిచేసే ఆమె తమ్ముడు సల్మాన్ ఫోన్ చేశాడు.

"ఆపా, బావను ఎయిర్‌పోర్టులనే పట్టుకున్నరు. గోలీలు దొరికినయి."

"చిట్టీ ఉంది గదరా?"

"దాని మీద నీ పేరుంది. గీ షాహజాది ఎవరంటున్నరు. ముందుగాల్నే అనుమతి తీసుకోవాల్నంట, మనకేమెరుక? అమ్మనీకి తెచ్చిండంటున్నరు."

"నడుం నొప్పని చెప్పలేదా?"

"చెప్పిండు. వంగుమన్నరు, వంగిండు. లేవుమన్నరు, లేచిండు. ఏడుంది నొప్పి అంటున్నరు. గంటల డాక్టరొచ్చి చూస్తడంట. నొప్పి నిజమైతే ఇంటికి పంపుతరు. లేకుంటే కేసే, ఏండ్లు పడతది."

"ఆయనేమంటున్నడు?"

"ముడి ఇప్పొద్దని చెప్పమన్నడు. ఎట్లనన్న బయటపడి మెడికల్‌కు పోతనంటున్నడు."

షాహజాదికి ఒళ్లు మండింది. జైలు ముందర పెట్టుకుని కొలువు మీద ఆశేమిటి ఈ మనిషికి! విప్పితే కొలువు పోతుంది, విప్పకపోతే మనిషే పోతాడు. పైగా మూటగట్టిన నొప్పి కొంచెం కొంచెంగా పోయేది కాదు. కట్టినప్పటి నుంచి కూడినదంతా ఒక్కసారే మీద పడుతుంది. అతనికి ఏమవుతుందో ఆమె నడుముకు బాగా తెలుసు.

పన్ను పట్టుకుని వచ్చిన జంగమ్మ విషయం విని పక్కనే కూలబడింది. "ఇప్పు షాహజాదీ. బతికుంటే తిట్టుకుంటడు, తిట్టుకోనీ."

గంట కావస్తుండగా షాహజాది ముడిని పళ్లతో పట్టి లాగింది. ఊడింది. గోడ పట్టుకోకుండానే లేచి నిలబడింది. సిగ్గులేని ఒళ్లు, ఎంత హాయిగా ఉందో! ఆ హాయికే ఆమెకు ఏడుపు ఆగలేదు.

సల్మాన్ మళ్లీ ఫోన్ చేశాడు. డాక్టరు చెయ్యి వెయ్యకముందే లతీఫ్ నేల మీద పడ్డాడట. నలుగురు పట్టినా ఆగలేదట. పంపించేస్తున్నారు, ఇంకెప్పుడూ రావద్దని రాసి మరీ.

పన్నెండు రోజులకు తాండూరు స్టేషన్‌లో బండి దిగాడు. సగానికి వంగిపోయి ఉన్నాడు. షాహజాది దగ్గరికి పోయి అతని నడుం మీద చెయ్యి వేసింది.

"జరసేపు నాకియ్యి, ఇల్లు చేరేదాక."

అతను ఆ చెయ్యి తీసేశాడు.

"నా మాట నమ్మలె. డాక్టరు రాసిన కాగితం నమ్మలె. బండల మీద పడి పసురం లెక్క ఒర్రితే అప్పుడు నమ్మిన్రు. నేను దొంగను కాదని చెప్పింది గిదొక్కటే. ఇది సుత నీకిస్తే నా తాన ఇంకేమున్నది?"

కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. షాహజాది సంచి ఎత్తుకుని, ఏ నొప్పీ లేకుండా, అతని వెనక నడిచింది.