పద్దెనిమిదో నంబరు

మా టూరు బస్సులో పేర్లు లేవు, నంబర్లే. ముప్పై నాలుగు మందిని పేరుపేరునా పిలిచేలోపు తెల్లారిపోతుందని మొదటి రోజే మేనేజరు అందరికీ తలో నంబరు ఇచ్చాడు. ఎక్కగానే ఒకటి నుంచి వరసగా ఎవరి నంబరు వాళ్ళు గట్టిగా చెప్పాలి. ముప్పై నాలుగు వినబడితే బస్సు కదులుతుంది. నాకీ పద్ధతి భలే నచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళు బడిలో డ్రిల్లు టీచరుగా చేసినదాన్ని, నచ్చకేం చేస్తుంది.

నాది పదిహేడు. మా తోడికోడలిది పద్దెనిమిది. ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్ద, అక్కా అనే పిలుస్తాను. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో ముప్పై ఏళ్ళు గడిపాం. నిజం చెప్పాలంటే వంటిల్లు ఆవిడది. నేను పొద్దున్నే బడికి పరిగెత్తేదాన్ని. నా క్యారేజీ కట్టింది, నా పిల్లలకి జడలు వేసింది ఆవిడే. ఆ రుణం ఎలా తీరుతుంది? రిటైరవగానే, "అక్కా, లోకం చూపిస్తాను పద" అని బలవంతంగా బయల్దేరదీశాను.

పన్నెండు రోజులు, ఐదు దేశాలు. ఎనిమిదో రోజుకి ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. పదకొండో రోజుకి నత్త నయం. మేనేజరు జెండా పట్టుకుని ముందు పోతుంటాడు, వెనక గుంపు, చివరెక్కడో అక్క. గుంపుకీ ఆవిడకీ మధ్య అటూ ఇటూ తిరిగేది నేను. "అడుగు వెయ్యక్కా. కూర్చోడానికైతే ఇంట్లో కుర్చీల్లేవా" అనేదాన్ని. "వస్తున్నా" అనేది. ఆ పదకొండు రోజుల్లో ఆవిడ మాట్లాడిన మాటల్లో సగం అదే.

బస్సెక్కితే నాకు వాంతులు, అందుకని ముందు సీటు. ఆవిడకి కాళ్ళు చాపుకోవాలి, అందుకని చిట్టచివరి పొడవాటి సీటు. అక్కణ్ణుంచి ఆవిడ గొంతు మేనేజరుకి వినబడదు. మూడో రోజున అతను "పద్దెనిమిది, పద్దెనిమిది" అని రెండుసార్లు అరిచేసరికి నాకు చిర్రెత్తి, "పదిహేడు, పద్దెనిమిది" అని రెండూ నేనే చెప్పేశాను. ఇక రోజూ అదే వాడుక. ఆవిడ ఫోను, పాస్‌పోర్టు, మాత్రలు కూడా నా సంచీలోనే. పారేసుకుంటుందని నా భయం. ఆవిడ ఇంతవరకు ఒక్క చెంచా పారేసుకున్న దాఖలా లేదు, అయినా సరే.

పదకొండో రోజు పెద్ద గడియారం ఉన్న కూడలిలో దించి నలభై నిమిషాలు ఇచ్చారు. అక్క బెంచీ మీద కూలబడింది. "నువ్వెళ్ళి చూసిరా. నేనిక్కడుంటా" అంది. "టైముకి నీ అంతట నువ్వే బస్సు దగ్గరికి వచ్చెయ్, నేను మళ్ళీ ఇటు రాను" అని విసురుగా వెళ్ళాను. గడియారం మేడ ఎక్కి, దిగి, రెండు వీధులు చుట్టి, రొప్పుకుంటూ బస్సులో పడేసరికి లెక్క పదహారు దాకా వచ్చింది. "పదిహేడు, పద్దెనిమిది" అన్నాను, వెనక్కి చూడకుండానే. చివరి సీట్లో ఆవిడ శాలువా కప్పి ఉంటే పడుకుందనుకున్నారట పక్కవాళ్ళు.

ఇరవై నిమిషాలయ్యాక ఆవిడ బీపీ మాత్ర గుర్తొచ్చింది. నీళ్ళసీసా పట్టుకుని వెనక్కి వెళ్ళి శాలువా ఎత్తాను. కింద దిండు ఉంది.

"మా అక్క లేదు" అన్నాను.

మేనేజరు కాగితం చూసుకున్నాడు. "పద్దెనిమిది వచ్చింది కదండీ."

"నేనే చెప్పాను."

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. అది పెద్ద రోడ్డు, వెనక్కి తిరగాలంటే ముందున్న మలుపు దాకా పోవాల్సిందే. "ఇంక పడవ షికారు గోవిందా" అన్నాడు ఆరో నంబరాయన. పక్కనున్న భార్య ఆయన్ని మోచేత్తో పొడిచింది. మామూలప్పుడైతే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు ఎవర్నీ అనే మొహం నాకు లేదు.

ఆవిడకి అక్కడి భాష రాదు. చేతిలో ఫోను లేదు. హోటలు పేరు కూడా తెలీదు. అడిగితే "నాకు తెలుసు కదా, నీకెందుకు" అన్నది నేనే. నన్ను వెతుక్కుంటూ ఆ మోకాళ్ళతో ఏ వీధిలో పడిపోయిందో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిడ ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. మోగదని తెలుసు. మోగాల్సిన ఫోను నాది, చెయ్యాల్సిన ఫోను ఇది. ఆ దారి పొడుగునా నాకు వాంతి మాటే గుర్తురాలేదు.

అక్క అదే బెంచీ మీద ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. పాదాలు వాచి ఉన్నాయి. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది.

"ఈ చెప్పులు పట్టి చావలేదు. తొడుక్కునేలోపు బస్సు కదిలిపోయింది" అంది.

"భయమెయ్యలేదా అక్కా?"

"ఎందుకెయ్యదు? చచ్చేంత వేసింది. లేచి వెతుకుదామనుకున్నా. నువ్వొచ్చేసరికి నేను కనబడకపోతే నీకు గుండె ఆగుతుందని కూచున్నా."

పక్కన కూలబడి ఏడ్చేశాను. పిల్లల్ని ఏడిపించడమే తప్ప నలుగురిలో ఏడవడం తెలియనిదాన్ని.

"నీ నంబరు నేనే చెప్పేశానక్కా."

"తెలుసు. రోజూ చెప్తున్నావుగా" అని, నా వీపు మీద చెయ్యి వేసింది. "ఏ చీర కట్టుకోవాలో నువ్వే చెప్తావు. నాకెక్కడ నొప్పో డాక్టరుకి నువ్వే చెప్తావు. ఒక్క నంబరు కోసం ఏడుస్తావేమిటి?"

ఎత్తిపొడుపు కాదు, ఓదార్పే. అందుకే ఇంకా గుచ్చుకుంది.

"ఎదురుగా ఆ షాపతన్ని చూశావా?" అంది. "ఆ మెట్లు మూడుసార్లు కడిగాడు. కడిగినప్పుడల్లా ఎవరో ఒకరు తొక్కిపోయారు. ఒక్కసారి విసుక్కోలేదు. ఈ పదకొండు రోజుల్లో పూర్తిగా చూసింది ఇదొక్కటే."

మేనేజరు వచ్చాడు. "రేపు పొద్దున ఆరింటికి కోట. ఆఖరి రోజు. పెద్దమ్మగారు రాగలరా?" అని నన్ను అడిగాడు. జవాబు నా నాలుక మీదే ఉంది. మింగేసి అక్క వైపు చూశాను.

అక్క నేను చెప్తానేమోనని చూసింది. చెప్పకపోయేసరికి, "నేను రాను బాబూ" అంది. "హోటలు ముందర బెంచీ ఉంది. రేపంతా అక్కడ కూచుంటా. ఇదీ కూచుంటుందేమో అడుగు."

"కూచుంటాను" అన్నాను.

బస్సులో ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చుకుని చివరి సీట్లో ఆవిడ పక్కన సర్దుకున్నాను. లెక్క మొదలైంది. "పదిహేడు" అని అరిచి నోరు నొక్కుకున్నాను. అక్క దిండు సర్దుకుంది. శాలువా కప్పుకుంది. కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు "పద్దెనిమిది" అంది.

"వినబడలేదండీ" అన్నాడు మేనేజరు, నావైపే చూస్తూ. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆరో నంబరాయన వాచీ చూసుకుని నిట్టూర్చాడు.

"పద్దెనిమిది" అంది అక్క, డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూసేలా. ఆవిడ గొంతు అంత పెద్దదని ముప్పై ఏళ్ళలో నాకు తెలియదు.