తాడు పట్టే చెయ్యి

ఈదన్న మా చెంచుగూడెంలో పెద్ద వీరుడు. పుల్లలచెరువు టీకొట్టులో ఎవరిని అడిగినా చెబుతారు. మూడేళ్ళ కిందట మా గుడిసెలు పీకడానికి ఒక కాంట్రాక్టరు జేసీబీ తెస్తే, విల్లు ఎక్కుపెట్టి దాని ముందు ఒక్కడే నిలబడ్డాడు. డ్రైవరు బండి వదిలేసి పారిపోయాడు. మార్కాపురం నుంచి వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఆ ఫొటోలో వెనకాల, చంకలో బిడ్డతో శాపనార్థాలు పెడుతున్నది నేనే, ఆయన పెళ్ళాం వీరమ్మను. వీరుడితో కాపురం ఎట్లా ఉంటుందో మాత్రం నన్నెవరూ అడగలేదు.

చెబుతాను వినండి. తిన్నావా అంటే ఊ. పోతున్నావా అంటే ఊ. బండరాయి నయం, ఎండకైనా వేడెక్కుతుంది.

ఆ రోజు జేసీబీకి దారి చూపించింది నా తమ్ముడు గురవయ్య. రోడ్డు వేస్తామంటే నమ్మాడు, వెర్రిబాగులోడు. తర్వాత వచ్చి కాళ్ళ మీద పడితే ఈదన్న కాళ్ళు వెనక్కి లాక్కున్నాడే గాని నోరు తెరవలేదు. అప్పటి నుంచి వాడితో ఒక్క మాట లేదు.

మాటలు లేకపోతే పోనీ. కానీ తేనె కోసం కొండ అంచు నుంచి తాడు మీద దిగేవాడికి, మాలో ఆ తాడు పట్టేది బావమరిదే. సొంత అన్నదమ్ములను కూడా నమ్మరు. అక్క తాళి తెంచే తమ్ముడు ఉండడని మా పెద్దల లెక్క. ఈదన్న మూడేళ్ళు తేనెకే పోలేదు. ఈ ఎండాకాలం పోయాడు. ఒక్కడే పోయాడు, తాడు చెట్టుకు కట్టుకుని.

ఆ సంగతి తెలిసి నాకు ఒళ్ళు మండింది. నా తమ్ముడు చంపుతాడనేనా అర్థం? నా పుట్టింటి మీద ఉమ్మినట్టు కాదా? గురవయ్యను రెక్క పట్టుకుని కొండ మీదికి ఈడ్చుకెళ్ళాను.

మేం పోయేసరికి ఈదన్న ఒక తేనెపట్టు కోసుకుని పైకి వచ్చి ఉన్నాడు. కింద ఇంకో పట్టు ఉంది. మళ్ళీ దిగడానికి చెట్టు దగ్గర ముడి చూసుకుంటున్నాడు.

“ఏందిది?” అన్నాను.

“చెట్టుంది గదా.”

“చెట్టా? రేపు బిడ్డకు చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూచోబెట్టుకునేది ఈ చెట్టేనా? నేను చస్తే పుట్టింటి కోక తెచ్చేది ఈ చెట్టేనా?”

ఈదన్న ముడి మీది నుంచి చూపు తిప్పలేదు.

“పోదాం లే అక్కా,” అన్నాడు గురవయ్య. “బావ మనసు ఇరిగిపోయినాది.”

“నువ్వు నోరు ముయ్.” వాడి మీదా కోపమే నాకు. ఎవడో రోడ్డంటే తోక ఊపుకుంటూ ముందు నడిచినవాడు కాదా.

ఈదన్నను పక్కకు తోసి ముడి విప్పేశాను. తాడును చెట్టుకు ఒక్క చుట్టు తిప్పి, కొస గురవయ్య చేతిలో పెట్టాను.

“ఇప్పుడు దిగు. జేసీబీకి అడ్డం నిలబడినోడివి, వీనికి భయపడతావా? భయమైతే చెప్పు. బిడ్డను తీసుకుని ఈ పొద్దే పుట్టింటికి పోతా. వీడు పనికిరాకుంటే వీని అక్క నీకెందుకు?”

ఈదన్న నా ముఖం చూశాడు. వాడి ముఖం చూడలేదు. కత్తి మొలలో దోపుకున్నాడు, తీశాడు, మళ్ళీ దోపుకున్నాడు. తాడు నడుముకు బిగించుకుని అంచు దాటాడు.

గురవయ్య కొంచెం కొంచెంగా తాడు వదులుతున్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. నేనూ తుడవలేదు. అంత జాలి నాకింకా రాలేదు.

ఎక్కడో రాయి దొర్లింది. గురవయ్య బెదిరిపోయి తాడు గట్టిగా బిగబట్టాడు. కింద చప్పుడు లేదు.

అప్పుడు లోయలో నుంచి ఈదన్న గొంతు వినిపించింది.

“వదులు బామ్మర్దీ. పట్టు ఇంకా కిందుంది.”